పోయొస్తా అన్నోడు

పొద్దుటూరులో నా మాట నమ్మేవాళ్ళు తక్కువ. తప్పు నాదేలెండి. గొంతులు మార్చే విద్య నాకు చిన్నప్పుడే అబ్బింది. ఒకసారి ఇర్ఫాన్‌కు వాళ్ళ నాయన వలి బాషా గొంతుతో ఫోన్ చేసి, "అంగడి మూసి బిరీన ఇంటికి రా, పిల్లనిచ్చేవాళ్ళు వచ్చినారు" అన్నాను. వాడు సెల్‌ఫోన్ల అంగడికి షట్టర్ దించి, తలకు నూనె రాసుకొని, ఇంటికి పోయి నడింట్లో నిలబడినాడు. రెండేండ్లయింది. ఇప్పటికీ వలి బాషా మామ నిజంగా ఫోన్ చేసినా, "ఎవరు, జయచంద్రవా?" అని అడిగి తిట్లు తింటుంటాడు.

అందుకే ఈ సంగతి రాసిపెడుతున్నాను. నోటితో చెప్తే అందరూ నవ్వి, చివర ఎప్పుడు భయపడాలో చెప్పమంటున్నారు.

ఏప్రిల్ ఆఖర్లో ముగ్గురం ఫారిన్ పోయినాం. నేను, ఇర్ఫాన్, శివ. మా ఇంటివాళ్ళది బట్టలంగడి. శివది పులివెందుల పక్కన పల్లె. ఒకప్పుడు వాళ్ళకు పెద్ద గొర్రెల మంద, ఇప్పుడు సగం గొర్రెలు, సగం చీనీ తోట, అదే బత్తాయి. ఇడుపులపాయలో ఇంజనీరింగ్ చదివి బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. మే నెలాఖర్లో వాడి పెండ్లి. పిల్ల పేరు లక్ష్మీప్రియ, జమ్మలమడుగు.

"పెండ్లయితే ముగ్గురం కలిసి యాడికీ పోలేమప్పా. పోయేదుంటే ఇప్పుడే" అన్నాడు శివ.

వీసా అడగకూడదు, మంచు కనబడాలి, టికెట్టు మన చేతికందాలి. ఈ మూడూ చూసి ఇర్ఫాన్ కజకిస్తాన్ అని తేల్చినాడు. ఆ పేరుకు మా నాలుక తిరిగేసరికి ఢిల్లీలో విమానం ఎక్కేసినాం.

ఆల్మటీ భలే ఊరు. ఏ వీధిలో నిలబడి తలెత్తినా చివర ఒక మంచుకొండ. భూమి కింద రైలెక్కి దిగినాం, దిగి మళ్ళీ ఎక్కినాం. తీగమీద పోయే బండిలో గుట్టపైకి పోయి ఊరంతా కనబడేట్టు ఫోటోలు తీసుకున్నాం. పెద్ద మార్కెట్లో ఒక వరస మొత్తం గుర్రం మాంసమే. గొర్రెల ఇంట్లో పుట్టిన శివ ఆ వరసలో ముఖం తిప్పుకొని నడిచినాడు.

"ఎక్కి తిరిగేదాన్ని ఎట్ల తింటారప్పా?"

"మీరు పెంచినదాన్ని ఎట్ల తింటారో అట్లే" అన్నాను నేను.

ఊరు చూడటం అయినాక కొండల మీదికి బయల్దేరినాం. మాకు దొరికిన డ్రైవరు అరవై దాటిన పెద్దమనిషి. ఆయనకు రష్యన్, కజక్ తప్ప రావు. మాకు అవి తప్ప అన్నీ కాస్తోకూస్తో వచ్చు. మధ్యలో ఇర్ఫాన్ ఫోన్లో అనువాదం చేసే యాప్. ఆయన మాట్లాడితే అది తెలుగులో చదివేది. బెల్టు పెట్టుకోమని ఆయనంటే, "నడుము కట్టండి" అనింది. ఆకలిగా ఉందా అంటే, "మీరు కరువులో ఉన్నారా" అనింది. మాది కడప జిల్లా, ఎప్పుడూ కరువులోనే ఉంటాం అన్నాను. అది రష్యన్‌లోకి ఏమని పోయిందో, ఆయన కారాపి మాకు మూడు ఆపిల్ పండ్లు కొనిచ్చినాడు.

మధ్యాహ్నానికి చారిన్ అనే లోయ చేరినాం. ఎర్రటి రాతిగోడలు, అట్టడుగున ఏరు. శివ అంచున నిలబడి నడుంమీద చేతులు పెట్టుకున్నాడు.

"దీనికోసమా ఇంత దూరం వచ్చింది? జమ్మలమడుగులో బండెక్కితే అర్ధగంటలో గండికోట."

"ఆడ ఈ చలి ఉంటుందా?" అన్నాడు ఇర్ఫాన్.

"చలి కావల్లంటే ఇంట్లో ఫ్రిజ్ తెరుచుకోని కూర్చోవాల్సింది."

అట్లా అనుకుంటూనే దిగి, ఏట్లో రబ్బరు పడవ ఎక్కి, ముగ్గురం తడిసి ముద్దయి, మళ్ళీ కారెక్కినాం. చీకటి పడేలోపల కొండల్లో ఉన్న చెరువు దగ్గరి పల్లెకు చేరాలి. అక్కడ చీకటి పడేది రాత్రి ఎనిమిదికి గానీ కాదు. సాయంత్రం నాలుగున్నరకు, చెట్టూ చేమా లేని మైదానంలో, కారు టైరు పంక్చరైంది.

డ్రైవరు జాకీ తీసినాడు. మేం సాయం చేయబోతే చేత్తో తోసినాడు. దూరంగా ఒక పల్లె కనబడుతోంది. మట్టిగోడలు, చిన్న చిన్న గుమ్మటాలు. ఆయన టైరు మార్చేలోపల చూసొద్దామని నడిచినాం.

దగ్గరికి పోయేకొద్దీ ఇర్ఫాన్ నడక తగ్గింది. ఆ గుమ్మటాల పైన నెలవంకలు. ఇండ్లకు తలుపుల్లేవు. ఒక్కో గోడ ముందర నల్లరాయి, రాతిమీద చెక్కిన మనిషి ముఖం. టోపీ పెట్టుకున్న తాతలు, గుడ్డ కట్టుకున్న అవ్వలు, స్కూలు బట్టల్లో ఒక పిల్ల.

"ఊరు కాదప్పా ఇది. గోరీలు" అన్నాడు. తల వంచి మెల్లగా సలాం చెప్పినాడు. "నడువండి. చూసేదేం లేదు ఈడ."

మేం వెనక్కి తిరిగినాం. అప్పుడే శివ ఆగినాడు.

చివరి వరసలో, ఒక గోడ నీడన, ముసలామె కూర్చొని ఉంది. తలకు తెల్లగుడ్డ, ముందర ఒక చిన్న సంచి. మమ్మల్ని చూసి చెయ్యి ఊపింది. దెయ్యంలాగా ఏమీ లేదు. అరుగుమీద కూర్చొని పోయేవాళ్ళనందరినీ పిలిచి, ఎవరి కొడుకువని అడిగే ముసలామెలాగా ఉంది. అక్కడ గోరీలు ఊడ్చే మనిషేమో అనుకున్నాం.

శివ పోయి ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు. తడిసిన గొర్రె బొచ్చు వాసన, దానిలో కలిసి ఉప్పు వాసన. "మా అవ్వ దగ్గర గూడా ఇదే వాసనప్పా" అన్నాడు సంతోషంగా. ఆమె సంచిలోంచి తెల్లటి ఉండ తీసి వాడి చేతిలో పెట్టింది. పెరుగు ఎండబెట్టి చేసిన ఉండ. మార్కెట్లో కూడా అమ్ముతుంటారు, ఒకటి కొరికితే నాలుగు గ్లాసుల నీళ్ళు తాగాలి. వాడు కొరికి, కండ్లు మూసుకొని నమిలినాడు. ఆమె నవ్వింది. వాడు సైగలతో గొర్రెలున్నాయని చెప్పినాడు. మెడకు తాళి కట్టినట్టు చూపించి పెండ్లని చెప్పినాడు. ఆమె వాడి బుగ్గ నిమిరింది.

కారు హారన్ మోగింది. శివ లేచి, ఆమెకు ఏమీ చెప్పకుండా, తల వంచుకొని వచ్చేస్తున్నాడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా వైపు ఎవరూ గడప దిగేటప్పుడు 'పోతాం' అనరు. 'పోయొస్తాం' అంటారు. కానీ చావు జరిగిన ఇంట్లోంచి, శ్మశానంలోంచి వచ్చేటప్పుడు మాత్రం ఆ మాట అనరు. ఏమీ చెప్పకుండా లేచి వస్తారు. మళ్ళీ వస్తామని అక్కడ ఎవరైనా మాటిస్తారా? శివకు ఇవన్నీ బాగా పట్టింపు. అందుకే గమ్మున వస్తున్నాడు.

నా నోరు ఊరుకోలేదు.

"ఏం మామా, పెట్టింది తిని చెప్పకుండా వస్తావా? పులివెందులోళ్ళకు మర్యాదుంటాది అనుకుంటినే."

"ఇది గోరీల చోటు, గమ్మునుండు."

"ఆ యమ్మ బతికే ఉండాది కదప్పా. ముఖం చూడు, ఎంత చిన్నబుచ్చుకునిందో."

వాడు నిలబడిపోయినాడు. మర్యాద మాట వస్తే వాడు తట్టుకోలేడు. నాకు తెలుసు. తెలిసే అన్నాను. అనేసి, వాడు ఏం చేస్తాడో చూద్దామని నీళ్ళసీసా ఎత్తినాను.

శివ వెనక్కి తిరిగి, రెండు చేతులూ జోడించినాడు.

"పోయొస్తా అవ్వా."

"ఎప్పుడు?" అని వినబడింది. శుభ్రమైన తెలుగు.

శివ నవ్వినాడు. "పెండ్లయిన మూడోరోజు" అన్నాడు, ముసలామె వైపు నుంచి కన్ను తిప్పకుండానే.

నేను నీళ్ళు మింగి ఇర్ఫాన్‌ను చూసినాను. అడిగింది వాడే, ఇన్నేండ్లకు నా దగ్గర ఏదో నేర్చుకున్నాడే అనుకున్నాను. వాడు ఫోన్ ఎత్తి పట్టుకొని వీడియో తీస్తూ, నన్ను చూసి తల అడ్డంగా ఊపినాడు. ఎక్కడన్నా మానవా నువ్వు, అన్నట్టు.

కారు దగ్గర డ్రైవరు చేతులు తుడుచుకుంటున్నాడు. శివ చేతిలో సగం కొరికిన ఉండ చూసి ఏదో అడిగినాడు. "ఎవరు ఇచ్చినారు?" అనింది యాప్. శివ గోరీల వైపు చూపించినాడు. డ్రైవరు అటు చూడలేదు. శివనే చూస్తూ మెల్లగా ఒక మాట అన్నాడు. యాప్‌లో చక్రం కాసేపు తిరిగినాక చదివింది.

"ఆమెకు దినం పెట్టినారా?"

మేం ముగ్గురం కారును పట్టుకొని నవ్వినాం. మా దగ్గర దినం పెట్టడమంటే చచ్చినవాళ్ళకు కర్మ చేయడం. "ఆ యమ్మ ఇంగా బతికే ఉంది సార్, అప్పుడే దినమేంది" అని నేనంటే, నవ్వలేక ఇర్ఫాన్ కింద కూర్చున్నాడు. డ్రైవరు నవ్వలేదు. మళ్ళీ అడిగినాడు. యాప్ మళ్ళీ అదే చదివింది.

ఆ తర్వాత ఆయన వెనక కనబడే అద్దాన్ని పైకప్పు వైపుకు తిప్పేసి, దిగేదాకా మాతో మాట్లాడలేదు.

*

పెండ్లి పత్రికలు పంచే పని నాకూ పడింది. మే రెండోవారం శివ వాళ్ళ పల్లెకు పోయినాను. వాళ్ళవ్వ పెద్దసుబ్బమ్మ వరండాలో కూర్చొని చెనిక్కాయలు ఒలుస్తోంది. శివ బండి స్టార్ట్ చేసి, నేను వెనక ఎక్కినాక, అన్నాడు:

"అవ్వా, పోతాండా."

అవ్వ చెయ్యి ఆగింది. "ఏం మాటరా అది?"

"పత్రికలియ్యను పోతాండా."

"పోయొస్తా అను."

"పోతాలే అవ్వా."

అవ్వ చాట పక్కన పెట్టింది. ఎనభై దాటిన మనిషి, లేచి వచ్చి బండి ముందు నిలబడింది. "అను."

వాడు నోరు తెరిచినాడు. వెనక నుంచి నాకు వాడి దవడ కదలడం కనబడింది. "పో..." అన్నాడు. మళ్ళీ, "పో..." అంతే. తర్వాత మామూలుగా, పక్కింటికి చాట ఇచ్చినంత మామూలుగా చెప్పినాడు.

"ఆ మాట ఒకరికి ఇచ్చేసినా కదవ్వా."

అవ్వ నన్ను చూసింది. ఈ ఆట నేర్పింది నువ్వే కదా, అన్నట్టు. నేను నిజంగా నేర్పింటే ఎంత గర్వపడేవాణ్ణో.

దారిలో అడిగినాను. "బాగా చేస్తాండావు మామా. ఇర్ఫాన్ చెప్పినాడా ఇట్ల చెయ్యమని? నన్ను బెదిరిస్తాండారా ఇద్దరూ?"

"ఏం చేస్తాండా?"

"పోయొస్తా అనకుండా, పోతా అంటాండావే."

"పోతా అనే కదప్పా అందరూ అనేది" అన్నాడు. గొంతులో ఆటలేదు. నాకు గొంతులు తెలుసు. అందులో దొంగతనం ఉంటే పట్టుకుంటాను. లేదు.

ఎండ నలభై మూడు డిగ్రీలు. బండి మీద వేడిగాలి. దాంట్లో, వాడి చొక్కాలోంచి, తడిసిన గొర్రె బొచ్చు వాసన. వాళ్ళ ఇంట్లో గొర్రెలున్నాయి, వాసన రాకుండా ఎట్లుంటుందిలే అని సర్దిచెప్పుకున్నాను. ఉప్పు వాసన ఎందుకో మాత్రం సర్దిచెప్పుకోలేకపోయినాను.

నేరుగా ఇర్ఫాన్ అంగడికి పోయినాను. వాడు ఒక ఫోన్ విప్పి కండ్లకు అద్దం పెట్టుకొని ఉన్నాడు. నేను నోరు తెరిచేలోపల వాడే అందుకున్నాడు.

"శానా అయింది జయా. ఇంగ చాలించు. శివగాడు నాకు నిన్న పత్రిక ఇచ్చి, 'పోతా' అని పోయినాడు. పెండ్లి ముందర ఇట్లాంటి ఆటలు వద్దు."

"ఆట నాదా? ఆ పొద్దు 'ఎప్పుడు' అని అడిగింది నువ్వు కాదూ?"

ఇర్ఫాన్ కండ్లద్దం తీసినాడు. నన్ను చాలాసేపు చూసినాడు. నేను వాణ్ణి చూసినాను. ఇద్దరికీ ఇద్దరి మీదా అనుమానమే. వాడు తన ఫోన్ తీసి, ఆ రోజు వీడియో తెరిచి, చెవుల్లో పెట్టుకునే వైర్లు నాకొకటి ఇచ్చి, తనొకటి పెట్టుకున్నాడు.

వీడియోలో అంతా ఉంది. ముసలామె ఉంది, శివ ఉన్నాడు, పక్కన నేను. శివ చేతులు జోడించినాడు. 'పోయొస్తా అవ్వా.' ముసలామె నోరు మూసుకొనే ఉంది, నవ్వుతోంది.

'ఎప్పుడు?'

అది నా గొంతు.

ఎవరో నా గొంతు చేసినట్టు కాదు. నాదే. ప దగ్గర, డ దగ్గర నేను చేసే వంకర నాకు తెలియదా? కానీ వీడియోలో నా నోటికి సీసా ఉంది. తల ఎత్తి ఉంది. గుటక గుటకకూ గొంతు కదలడం కనబడుతోంది.

ఇర్ఫాన్ నాలుగుసార్లు వేసినాడు. ఐదోసారి వైరు తీసేసినాడు.

"నోట్లో నీళ్ళుంటే మాట్లాడేది వచ్చా నీకు?" అడిగినాడు మెల్లగా.

"రాదు."

"నిజం చెప్పు. నాకు కోపం రాదులే."

"రాదు మామా."

ఇర్ఫాన్ వేళ్ళు లెక్కపెట్టుకున్నాడు. పెండ్లి ఇరవయ్యారున. మూడోరోజు ఇరవయ్యెనిమిది. డ్రైవరు అడిగిన ఆ దినాన్ని శివ తన నోటితోనే పెట్టినాడు.

"ఆ ఒక్కరోజు వాణ్ణి కనిపెట్టుకోని ఉందాం" అన్నాడు. "ఒక్కరోజే కదా."

*

పెండ్లి బాగా జరిగింది. వాడు నవ్వినాడు, ఫోటోలకు నిలబడినాడు, లక్ష్మీప్రియ మీద తలంబ్రాలు పోసేటప్పుడు కండ్లలో పడకుండా చూసినాడు. కొత్తపెండ్లికొడుకు ఎట్లుండాలో అట్లే ఉన్నాడు. ఎవరైనా సెలవు తీసుకుంటుంటే మాత్రం పక్కకు చూసేవాడు.

మూడోరోజు వాడు అత్తగారింట్లో, జమ్మలమడుగులో ఉన్నాడు. మధ్యాహ్నం భోజనానికి వస్తామని ముందే చెప్పిపెట్టినాం. పదకొండుకే పోదామనుకున్నాం. అంగడికి పెండ్లిపట్టుచీరల బేరం తగిలి నాకు ఆలస్యమైంది, ఇర్ఫాన్ నన్ను తిడుతూనే కారు తోలినాడు. మేం చేరేసరికి మూడున్నర.

వాళ్ళత్త వాకిట్లోనే ఎదురైంది.

"మీకోసం ఇంతసేపు చూసి, ఇప్పుడే ఇద్దరూ గండికోట పోయినారు నాయనా. పాప ఫోటోలు తీసుకుంటానంటే." గొంతు తగ్గించింది. "అల్లుడు మంచోడే. పోయేటప్పుడే... 'పోతాం అత్తా' అనె. మీ పక్క అట్లే అంటారా?"

ఇర్ఫాన్ అప్పటికే కారు తిప్పుతున్నాడు.

గండికోట దారి మాకు కండ్లు మూసుకున్నా వచ్చు. ఆ రోజు అది తరగలేదు. కోటవాకిలి దాటి, కారాపి, రాళ్ళమీద పరిగెత్తినాం. ఎండకు జనం లేరు. సోడా బండి ఆయన గొడుగు కింద కునుకుతున్నాడు. బండరాళ్ళు సలసల కాగుతున్నాయి. చెప్పుల్లోంచి కాలు కాలుతోంది.

చివర, లోయకు పది గజాల ఇవతల, లక్ష్మీప్రియ ఫోన్ పట్టుకొని నిలబడి ఉంది. శివ ఆమెకంటే ముందున్నాడు. అంచు మీద ఒక నిలువు రాయి ఉంది, దాని పక్కన. వాడి కాలి వేళ్ళు బండ దాటి ఉన్నాయి. కింద మూడు వందల అడుగుల్లో పెన్న.

అప్పుడు చలి తగిలింది...

మే నెల ఎండలో. ముఖం మీద. తడి బొచ్చు వాసన, ఉప్పు వాసన. ఇర్ఫాన్ నా చెయ్యి పట్టుకున్నాడు.

"నీకూ వస్తాందా?" గుసగుసగా.

"వస్తాంది."

లోయ అవతలి గట్టు నుంచి మాట వినబడింది. గట్టిగా కాదు. పక్కన కూర్చొని అడిగినట్టు.

"వచ్చినావా?"

నా గొంతు.

ఇర్ఫాన్ నా నోటిని చూసినాడు. మూసి ఉంది. రెండు పెదవులూ పండ్లతో కరిచిపట్టుకొని ఉన్నాను. వాడి కండ్లలో నా మీదున్న అనుమానం అప్పుడు పోయింది. దాని బదులు వచ్చింది చూసి, ఆ అనుమానమే మేలనిపించింది.

శివ తల ఎత్తినాడు. జవాబు చెప్పబోతున్నాడు. దవడ కదులుతోంది. వచ్చినా అంటే... అయిపోయినట్టే. నాకెట్లా తెలుసని అడగొద్దు. తెలిసింది.

పరిగెత్తి పట్టుకుందామంటే ఇరవై గజాలు. ఒక్కడుగు చప్పుడైతే వాడు తూలుతాడు. ఇర్ఫాన్‌ను లక్ష్మీప్రియ వైపు తోసినాను. నేను పక్కనున్న పెద్ద బండ వెనక దూరి, కూర్చున్నాను. నా గొంతు తీసుకొని వాణ్ణి పిలుస్తోంది కదా... వాడి గొంతు నా దగ్గర ఉంది. ఇన్నేండ్లు వాడి గొంతుతో వాళ్ళవ్వకు ఫోన్ చేసి, బెంగళూరు ఉద్యోగం మానేసినానని ఏడిపించినవాణ్ణి నేను.

శివ గొంతు పెట్టినాను. ఆ పులివెందుల సాగదీతతో సహా.

"నేను రానవ్వా."

అంతా ఆగింది. గాలి కూడా.

"నాకు ఈడ పనుండాది. పెండ్లాం ఉండాది. నేను రాను." నా చెమట నాకే చల్లగా తగులుతోంది. మర్యాద కోసం నాలుక పోయిరా అనబోయింది. పట్టి ఆపినాను. పోయిరా అంటే మళ్ళీ వస్తుంది. "నువ్వు పో అవ్వా. పో."

ఒకటి... రెండు... మూడు... లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.

అవతల నుంచి ఏదో ఒక మాట వచ్చింది. చిన్నది. బండ వెనక ఉండటంతో నాకు తెలియలేదు. తర్వాత ఎండ మళ్ళీ నెత్తిమీద పడింది, ఎవరో తలుపు తెరిచినట్టు.

తొంగి చూసినాను. ఇర్ఫాన్ శివ చొక్కా వెనక పట్టుకొని లాగుతున్నాడు. శివ తన కాళ్ళను చూసుకొని, "యాడ నిలబడినానప్పా నేను?" అంటున్నాడు. అంచు నుంచి నాలుగడుగులు వెనక్కి వచ్చి, బండమీద కూలబడి, నీళ్ళు అడిగినాడు. సీసా మొత్తం తాగినాడు.

నేను బండ వెనక నుంచి లేచి పోయి, ఏమీ ఎరగనట్టు వాడి పక్కన కూర్చున్నాను.

"నువ్వెప్పుడొస్తివప్పా?" అన్నాడు.

"భోజనం దాచిపెట్టకుండా మీ అత్త పంపించేస్తే, తిట్టిపోదామని వచ్చినా."

నవ్వినాడు. వాడి నవ్వే. సోడా బండి దగ్గర నలుగురం నిమ్మసోడా తాగినాం. బయల్దేరేటప్పుడు శివ వెనక్కి తిరిగి, గొడుగు కింద ఉన్న మనిషితో అన్నాడు:

"పోయొస్తామన్నా."

ఇర్ఫాన్ గ్లాసు కింద పెట్టేసి, అటు తిరిగి కండ్లు తుడుచుకున్నాడు. దుమ్ము పడిందట. నేను ఎగతాళి చేయలేదు. నా కండ్లలో కూడా అదే దుమ్ము.

శివ బండిని అక్కడే పెట్టి, అందరం కారులోనే బయల్దేరినాం. శివ ముందర ఇర్ఫాన్ పక్కన కూర్చొని, ఎర్రగుంట్ల చుట్టం ఎవరో పెండ్లికి తెచ్చిన కానుక గురించి చెప్తున్నాడు. ఇర్ఫాన్ అవసరానికి మించి నవ్వుతున్నాడు. నేను వెనక సీట్లో వెనక్కి వాలినాను. ఒంట్లో ఎముకలన్నీ ఇప్పుడే ఎవరో పేర్చినట్టు వదులుగా ఉన్నాయి.

పక్కన లక్ష్మీప్రియ ఫోన్లో ఫోటోలు చూసుకుంటోంది. కొత్త చుట్టరికం, నాతో ఇంతకుముందు నాలుగు మాటలు కూడా మాట్లాడలేదు. కాసేపు నన్ను, నా పసుప్పచ్చ చొక్కానూ చూసి, అడగాలా వద్దా అని ఆలోచించి, అడిగింది.

"అన్నా, అవతలి గట్టు మీద నిలబడి, మా ఆయన రాను అంటే, 'సరే' అని చెయ్యెత్తినావు కదా."

నేను ఆ పిల్ల వైపు చూసినాను.

"ఏరు దాటాలంటే శానా చుట్టు తిరగాల కదన్నా. అంత బిరీన ఈ పక్కకు ఎట్లొస్తివి?"